తిరుగు దారి

రాత్రి ఎనిమిది దాటితే మా ఇంట్లో అందరి చెవులూ కాలవ కట్ట వైపే ఉండేవి. నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో పుస్తకాల బైండింగు పని చేసేవాడు. వేమూరు దగ్గర మా ఊరికి పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. రోజూ సైకిల్ మీద పోయి సైకిల్ మీదే వచ్చేవాడు. కట్ట మలుపులో తాటిచెట్లు గుంపుగా ఉండేవి కాబట్టి ఆయన లైటు ముందుగా కనపడేది కాదు, డైనమో ముందుగా వినపడేది. టైరును ఒరుసుకుంటూ తిరిగే ఆ సన్నటి గుర్రు చలికాలం రాత్రుల్లో ఇంకా దూరం నుంచే వచ్చేది. ఆ చప్పుడు చెవిన పడగానే అమ్మ పులుసు గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టేది. వెలుగు గుమ్మంలోకి వచ్చేసరికి కంచం వేసి ఉండేది.

ఇప్పటి పిల్లలకు డైనమోను చూపించి చెప్పాలి. వెనక చక్రం పక్కన గొట్టానికి బిగించి ఉండే, చిన్న మందు సీసా అంత వస్తువు అది. సీసా మెడ దగ్గర గరుకు గీతలున్న బుల్లి చక్రం. మీట నొక్కితే స్ప్రింగు ఊపుకి ఒరిగి ఆ బుల్లి చక్రం టైరు పక్కకు ఆనుకుంటుంది. పాతకాలపు పెద్ద సైకిల్ చక్రం ఒక్కసారి తిరిగితే రెండు మీటర్ల పైచిలుకు నేల సాగుతుంది. ఆ బుల్లి చక్రం చుట్టుకొలత ఏడు సెంటీమీటర్లు అనుకుంటే, పెద్దది ఒక చుట్టు తిరిగేలోపు చిన్నది ముప్పై చుట్లు తిరగాలి. లోపల దాంతోపాటు ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాని చుట్టూ రాగి తీగ చుట్ట కదలకుండా కూర్చుని ఉంటుంది. అంతే, అంతకు మించి అందులో ఏమీ లేదు. అయస్కాంతం కదిలితే పక్కనున్న తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఆయన కుర్రతనంలో లండన్లో బైండింగు షాపులో పని నేర్చుకున్నాడు. అట్ట వేయడానికి వచ్చిన పుస్తకాలు చదివే కరెంటు మీద మనసు పడ్డాడు. ఈ సంగతి కాలేజీలో చదివిన రోజు నేను పరుగున ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. ఆయన తన వేళ్ళకంటిన బంక గీక్కుంటూ, "చదివాడన్నమాట" అన్నాడు. మరింకేమీ అనలేదు.

ఆ సైకిల్ నాకు నేర్పిన మొదటి పాఠం మాత్రం ఫారడేకి ముందే, నా ఐదో తరగతిలో జరిగింది. సంక్రాంతికి నాన్న సైకిల్‌కి నల్లరంగు వేయించాడు. ఒక్కో భాగం ఊడదీసి, తుప్పు గీకి, రెండు పూతలు. కొత్త సైకిల్లా మెరిసింది. ఆ రాత్రి లైటు వెలగలేదు. బల్బు మార్చాడు. వైరు మార్చాడు. డైనమో పాడైందనుకుని స్నేహితుడి డైనమో తెచ్చి పెట్టాడు. ఊహూఁ. మర్నాడు నన్ను వెనకెక్కించుకుని తెనాలిలో తనకు తెలిసిన రిపేరు షాపుకి తీసుకెళ్ళాడు. ఆ పెద్దాయన సైకిల్‌ని ఓసారి చూసి, "రంగేయించావు గదయ్యా, ఎర్తు పోయింది" అన్నాడు. డైనమో పట్టీ వదులు చేసి, దాని కిందున్న గొట్టం మీద అణా బిళ్ళంత మేర ఉప్పుకాగితంతో రుద్దాడు. తెల్లటి ఇనుము కనపడ్డాక పట్టీ బిగించి, పట్టీకున్న మొనదేలిన మరను గట్టిగా లోపలికి తిప్పాడు. ముందు లైటు పట్టుకునే కొక్కెం దగ్గర కూడా అంతే. చక్రం పైకెత్తి తిప్పితే లైటు భగ్గున వెలిగింది.

నేను అడిగాను, వైరు ఒక్కటే ఉంది కదా తాతా, కరెంటు ఎట్టా వస్తదీ అని. పెద్దాయన వేలితో చూపించాడు. "ఈ వైరులోంచి పోతది. ఈ సైకిల్లోంచే తిరిగొస్తది. పోయింది తిరిగి రాకపోతే లైటెట్టా వెలుగుద్ది నాయనా?"

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నేను బాపట్లలో పిల్లలకు ఫిజిక్సు చెప్పాను. విద్యుత్ వలయం అనే పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ వేలు చూపిన దారే నా కళ్ళముందుండేది. సైకిల్ లైటు ఆరిపోతే అందరూ బల్బును చూస్తారు, వైరును చూస్తారు, డైనమోను తిడతారు. తిరుగు దారి ఎవరి కంటికీ ఆనదు, ఎందుకంటే ఆ దారి సైకిలే. కూర్చున్న సీటు కింద గొట్టం, పట్టుకున్న హ్యాండిలు, ముందు ఫోర్కు మెడలో గ్రీజు పూసిన బాల్సు, అన్నీ కలిసి ఆ రెండో వైరు. వాటిలో ఎక్కడ తుప్పు పట్టినా, ఎక్కడ రంగు అడ్డం పడినా, ఎక్కడ మర వదులైనా వెలుగు వణుకుతుంది. గతుకుల్లో వెలిగి సాపు రోడ్డు మీద ఆరిపోయే లైటును చూస్తే నేను ముందు ఎర్తునే చూస్తాను, ఎన్నోసార్లు అక్కడే దొరికింది. బాపట్లలో ఈ జబ్బు మరీ ఎక్కువ. సూర్యలంక సముద్రం తొమ్మిది కిలోమీటర్లు. ఆ ఉప్పు గాలి పట్టించిన తుప్పును వదిలించే కాగితం పేరు కూడా ఉప్పుకాగితమే కావడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

మిగతా జబ్బులు త్వరగానే తెలుస్తాయి. వానలో వెలుగు తగ్గిందంటే టైరు తడిసి బుల్లి చక్రం జారుతోందని అర్థం. మా నల్లరేగడి బురద ఆ గీతల్లో కూరుకుంటే ఇక అది తిరగనే తిరగదు. పాత ట్యూబు ముక్క తొడిగితే పట్టు దొరుకుతుంది. టైరు ఒక పక్కే అరుగుతోందంటే డైనమో వంకర కూర్చుంది. దాని నడుమ గుండా గీసిన గీత చక్రం ఇరుసును తాకేలా సరిచేయాలి. వెనక ఎర్రలైటు కూడా పెట్టుకున్నవాళ్ళకు ఇంకో చిక్కు. మామూలు డైనమో ఇచ్చేది ఆరు వోల్టులు, మూడు వాట్లు. ముందు బల్బు 2.4, వెనక బల్బు 0.6, రెండూ కలిసి ఆ మూడూ పంచుకుంటాయి. వెనకది మాడిపోతే దాని వాటా కూడా ముందు బల్బు మీదే పడి, కాసేపటికి అదీ మాడుతుంది.

ఇంత చిన్న వస్తువులో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది దాని నిగ్రహం. జోరుగా తొక్కితే కరెంటు హద్దు లేకుండా పెరిగిపోవాలి కదా, పెరగదు. వేగం పెరిగేకొద్దీ అయస్కాంతం త్వరత్వరగా ముఖం తిప్పుతుంది, కరెంటు అంత త్వరగానూ దిశ మారుతుంది. ఆ త్వరను అదే రాగి చుట్ట అడ్డుకుంటుంది. పుట్టించే చుట్టే పగ్గం కూడా వేస్తుంది. అందుకే ఎంత తొక్కినా అర ఆంపియరు దరిదాపుల్లోనే ఆగుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, రేపల్లెలో మళ్ళీ పనికొస్తుంది.

1977 నవంబరు 19 తుపాను దివిసీమను ఊడ్చేసినప్పుడు నేను ఆరో తరగతి. కృష్ణకు ఇవతల ఉన్న మాకు ప్రాణాలు దక్కాయి. కరెంటు స్తంభాలు మాత్రం పొలాల్లో పడుకున్నాయి. చాలా రోజులు చీకటే. కిరసనాయిలు దొరకలేదు. నాన్న సైకిల్‌ని వసారాలోకి తెచ్చి స్టాండు వేసి, డైనమో టైరుకు ఆనించి, పెడలు నా చేతికిచ్చాడు. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరినంత సేపూ నేను పెడలు తిప్పాను. చెయ్యి అలిసి నెమ్మదిస్తే వెలుగు ఎర్రబడి, అమ్మ ముఖం సగం చీకట్లోకి పోయేది. మళ్ళీ జోరు పెంచితే ముఖం తిరిగొచ్చేది. ఒకసారి లైటు వైరు ఊడిపోయింది. చప్పున పెడలు తేలికైపోయింది. వైరు తగిలించగానే మళ్ళీ బరువెక్కింది. చక్రం అదే, డైనమో అదే, ఒరుసుకోవడం అదే. బల్బులోకి కరెంటు పోతుంటేనే ఆ బరువు. వెలుగుకు బరువుందని నా భుజానికి ఆ రాత్రి తెలిసింది. తన పుట్టుకకు కారణమైన కదలికనే కరెంటు ఎదిరిస్తుందని 1834లో లెంజ్ అనే ఆయన సూత్రం చెప్పాడని తర్వాత ఎప్పుడో చదువుకున్నాను.

తెనాలి నుంచి వచ్చే దారిలో రైలు గేటు ఉండేది. రేపల్లె బండి వచ్చే వేళకు గేటు పడితే, ఇటు పది సైకిళ్ళు, అటు పది సైకిళ్ళు ఆగేవి. ఆగినవన్నీ ఆరిపోయేవి. చీకట్లో బీడీ నిప్పులు, దగ్గులు, ధాన్యం ధర గురించి మాటలు. బండి పోయి గేటు లేవగానే ఇరవై డైనమోలు ఒక్కసారిగా గుర్రుమని, ఎర్రగా మొదలై తెల్లబడుతూ ఇరవై లైట్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయేవి. అంత అందమైన ఊరేగింపు నేను మళ్ళీ చూడలేదు.

మొన్న కార్తీకంలో రేపల్లె నుంచి ఒక పాత విద్యార్థి ఫోను చేశాడు. "మాష్టారూ, నాన్న సైకిల్‌కి మోటారు పెట్టించాను. లైటు మాత్రం దెబ్బలాడుతోందండీ." వాళ్ళ నాన్న పోయి రెండేళ్ళు. సైకిల్‌ను పాత ఇనుముకు ఇవ్వడానికి మనసొప్పక, వెనక చక్రానికి 250 వాట్ల హబ్ మోటారు, క్యారేజి మీద 36 వోల్టుల బ్యాటరీ పెట్టించాడట. 250 వాట్ల లోపు, గంటకు ఇరవై అయిదు కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. వాడు రేపల్లెలో మందుల షాపులో లెక్కలు రాస్తాడు, ఇల్లు కృష్ణ కరకట్ట వైపు. రాత్రి పూట ఆ కట్ట మీద ఒక్క దీపం ఉండదు. ఫోనులో చెప్పి సరిపెట్టవచ్చు. కానీ ఆ డైనమోను చూడాలనిపించింది.

బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగి రేపల్లె బండి మారాను. బాపట్ల, తెనాలి మధ్య మద్రాసు లైను. నిడుబ్రోలు దాటాక కిటికీలోంచి పైకి చూస్తే, ఇరవై అయిదు వేల వోల్టుల తీగ ఒక్కటే. ఇంజను ఆ తీగను ముట్టుకుని కరెంటు తీసుకుంటుంది. మరి తిరుగు దారి? పట్టాలే. చక్రాల్లోంచి పట్టాల్లోకి, పట్టాల వెంట సబ్‌స్టేషనుకు. ఒక వైరు పైన, రెండో వైరు బండి కిందే. మా నాన్న సైకిల్ చేసిన పనే ఇంత పెద్ద బండీ చేస్తోంది. పక్క సీటాయనకు చెబితే ఆయన కిందకు వంగి పట్టాలను చూశాడు, అలా వంగి చూడటం నాకు నచ్చింది.

తెనాలి నుంచి రేపల్లెకు సుమారు 34 కిలోమీటర్లు, 1916లో వేసిన లైను. చిన్నరావూరు, వేమూరు, బుద్ధుడి ధాతువులు దొరికిన భట్టిప్రోలు, పల్లికోన. రేపల్లెలో పట్టాలు ఆగిపోతాయి. ఆవల కృష్ణ. వచ్చిన బండి వచ్చిన దారినే పోవాలి.

వాడి సైకిల్ కొత్త నీలిరంగులో మెరుస్తోంది. వెనక మోటారు వచ్చేసరికి డైనమోను ముందు ఫోర్కుకు మార్చాడు. బ్యాటరీ నుంచి 36 వోల్టులను ఆరుకు దించే చిన్న డబ్బా పెట్టి, దాని ప్లస్ వైరును లైటుకు, మైనస్‌ను సైకిల్ గొట్టానికి కలిపాడు. లైటు మంచిదే, ఏసీ అయినా డీసీ అయినా తీసుకునే ఎల్ఈడీ. బ్యాటరీ అయిపోతే తొక్కుకుంటూ రావడానికి ఉంటుందని డైనమో వైరును కూడా అదే లైటుకు కలిపి వదిలేశాడు. స్విచ్చి వేస్తే మిణుకుమిణుకుమంటోంది. డబ్బా ముట్టుకుంటే చురుక్కుమంది.

ముందు వాడే ఒక ప్రశ్న అడిగాడు, తరగతిలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేదే. "ఎటూ చక్రం తిరుగుతోంది కదండీ, ఈ డైనమోతో బ్యాటరీనే ఛార్జి చేసుకుంటే?" ఈ ప్రశ్న అడిగినవాణ్ణి నేనెప్పుడూ కసురుకోలేదు. అది ఆలోచించేవాడికే వచ్చే ప్రశ్న. లెక్క వేశాం. సీసా డైనమో మూడు వాట్లు ఇవ్వాలంటే చక్రం దగ్గర దాదాపు తొమ్మిది వాట్లు లాక్కుంటుంది, మిగతాది రాపిడికి, వేడికి పోతుంది. చక్రానికి ఆ తొమ్మిది ఇవ్వడానికి మోటారు బ్యాటరీ నుంచి పన్నెండు దాకా తీస్తుంది. పన్నెండు తీసి మూడు వెనక్కి పోయడం. బావిలో నీళ్ళు చేదతో తోడి, దోవలో ముప్పాతిక ఒలకబోసి, మిగిలినవి మళ్ళీ అదే బావిలో పోస్తే బావి నిండుతుందా? బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే ఊపును పట్టుకునే మోటార్లు ఉన్నాయి, అది వేరే సంగతి. మన డెల్టాలో కాలవ వంతెన ఎక్కి దిగడమే కొండ ఎక్కి దిగడం, కాబట్టి దానివల్ల కలిసొచ్చేది కూడా తక్కువే. పైగా లైటు తినేదెంత? వాడి బ్యాటరీలో 360 వాట్ గంటలున్నాయి. మూడు వాట్ల లైటు గంటసేపు వెలిగితే నూటికి ఒక వంతు కూడా పోదు.

ఇక అసలు జబ్బు. డైనమో వైరును లైటు దగ్గర పీకమన్నాను. పీకాడు. లైటు ఒక్కసారిగా తెల్లగా విచ్చుకుంది. వాడు నా ముఖం చూశాడు.

డైనమో చుట్టలో ఒక కొస వైరుకు, రెండో కొస దాని ఒంటికి, ఒంటి నుంచి సైకిల్ గొట్టానికి. బ్యాటరీ డబ్బా మైనసూ గొట్టానికే. అంటే ప్లస్‌లో బయల్దేరిన కరెంటుకు ఇంటికి పోవడానికి రెండు దారులున్నాయి, లైటులోంచి ఒకటి, డైనమో చుట్టలోంచి ఒకటి. జోరుగా దిశ మారే కరెంటుకు పగ్గం వేసే ఆ చుట్ట, దిశ మారని బ్యాటరీ కరెంటును ఏమీ అడగదు. రెండు మూడు ఓములకు మించని రాగి తీగ అది. కరెంటు చాలావరకు అటే పోయి, ఏ వెలుగూ ఇవ్వకుండా చుట్టను వేడి చేసి, తిరిగొచ్చేస్తోంది. డైనమో పట్టీ విప్పి చూశాను. కింద రంగును ఉప్పుకాగితంతో చక్కగా రుద్ది, తెల్లటి ఇనుము తేల్చి, మొనమరను లోపలి దాకా తిప్పి బిగించాడు. "మీరు క్లాసులో చెప్పారు కదండీ, రంగు వేస్తే ఎర్తు పోతుందని." అంత గట్టి ఎర్తు లేకపోతే ఈ తంటా వచ్చేదే కాదు. నేను ఒక దారి గురించి చెప్పాను. రెండో దారి తెరుచుకుంటే ఏమవుతుందో ఎన్నడూ చెప్పలేదు. తెనాలి పెద్దాయన చెప్పింది నిజమే, పోయింది తిరిగి రావాలి. ఏ దారిన తిరిగొస్తుందో కూడా చూసుకోవాలని నాకు ఇన్నేళ్ళకు, శిష్యుడి సైకిల్ ముందు కూర్చున్నాక తట్టింది.

డైనమోను పీకి పారేద్దామా అని వాడు అడగలేదు. నేనూ అనలేదు. రేపల్లె బజారులో ఎలక్ట్రికల్ షాపుకు వెళ్ళి అటూ ఇటూ పడే స్విచ్చి ఒకటి, రెండు మీటర్ల జంట వైరు కొన్నాం. బ్యాటరీ డబ్బా మైనస్‌ను గొట్టం నుంచి విడదీసి, జంట వైరుతోనే లైటుదాకా తెచ్చాం. మోటారు, బ్యాటరీ, బ్రేకు వైర్లు ఉన్న బండిలో సైకిల్ ఒంటిని కరెంటు దారిగా వాడకపోవడమే మేలు. ఎక్కడో ఒక వైరు తోలు ఊడితే బండి మొత్తం ఆ కరెంటులో పడుతుంది. డైనమో దారి డైనమోకే వదిలేశాం. స్విచ్చి ఇటు వేస్తే బ్యాటరీ, అటు వేస్తే డైనమో, రెండూ ఎప్పుడూ కలవవు. వాడే సోల్డరు చేశాడు. చేతులు వణకలేదు, అతుకు శుభ్రంగా వచ్చింది.

పొద్దు గుంకాక వాడి ఇంటి ముందు బ్యాటరీ లైటు చూశాం, బాగుంది. నిలబడినా వెలుగుతోంది. కరకట్ట మీద ఎదురుగా ట్రాక్టరు వచ్చినప్పుడు ఆగాల్సినవాడికి అదే కావాలి. తర్వాత వాడు స్విచ్చి అటు వేసి, మోటారు ఆపి, వంగి డైనమో మీట నొక్కి ఎక్కాడు. నాలుగు తొక్కులకు లైటు మిణుకుమని, తెల్లగా వెలిగింది. కట్ట మీదకు ఎక్కి చింతచెట్ల చాటుకు పోయాడు. వెలుగు కనపడలేదు. గుర్రు మాత్రం వినపడుతూనే ఉంది, దూరమవుతూ, కాసేపటికి మళ్ళీ దగ్గరవుతూ.

లోపల టీవీ చూస్తున్న వాళ్ళమ్మ చప్పున గుమ్మంలోకి వచ్చి, తలుపు పట్టుకుని చీకట్లోకి చూస్తూ నిలబడింది. చప్పుడు మలుపు తిరిగేదాకా అలాగే ఉంది. తర్వాత ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయింది. వంటింట్లో స్టవ్ అంటించిన చప్పుడు వినపడింది.